టరాంటులా పెట్టె: ఏ బూజు ఉంచాలి, ఏ బూజు తీయాలి

పచ్చడి మీద పట్టేదీ బూజే, గది మూలల్లో సాలీడు అల్లేదీ బూజే. ఇంట్లో రెండూ కంటపడితే చాలు, తుడిచేస్తాం, దులిపేస్తాం. టరాంటులా, అంటే ఇంట్లో పెంచుకునే పెద్ద నూగు సాలీడు, దాని పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఈ అలవాటే కొంప ముంచుతుంది. అక్కడ మొదటి బూజు తీయాలి, రెండో బూజు జోలికి పోకూడదు.

"వారానికోసారి మట్టి మార్చాలా?", "అద్దం మీద తెల్ల మచ్చలు పోవట్లేదు", "నీళ్ల గిన్నె చుట్టూ సన్నటి తెల్ల పురుగులు పాకుతున్నాయి" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. డాలస్ చుట్టుపక్కల మన పిల్లలు కుక్కా పిల్లీ వద్దని సాలీడు కావాలని పట్టుబడుతున్నారు, తల్లిదండ్రులు నన్ను పట్టుకుంటున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తున్నాను.

నేనూ మొదట్లో తప్పే చేశాను. నా దగ్గర ఉన్నది మెక్సికన్ రెడ్ నీ అనే రకం టరాంటులా, ఆడది. మొదటి ఏడాది రెండు వారాలకోసారి మట్టంతా పారబోసి, పెట్టె తోమి, కొత్త మట్టి నింపేవాణ్ని. అది తినడం మానేసింది. వెనక కాళ్లతో పొట్ట గీక్కుని గీక్కుని సగం బట్టతల చేసుకుంది. జబ్బేమో అనుకున్నాను. జబ్బు నా శుభ్రతేనని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

## 1. ముందు మీది ఏ రకమో తేల్చుకోండి

శుభ్రం చేసే తీరు జాతిని బట్టి మారుతుంది. మూడు రకాలుగా చూస్తే చాలు.

పొడి నేల రకం. మెక్సికన్ రెడ్ నీ, చిలియన్ రోజ్, బ్రెజిలియన్ బ్లాక్ లాంటివి. మట్టి పొడిగా ఉండాలి, ఒక మూల నీళ్ల గిన్నె ఉండాలి. వీటికి పని చాలా తక్కువ.

తడి నేల రకం. గోలియత్ బర్డ్ ఈటర్ లాంటి పెద్ద సాలీళ్లు. మట్టి లోపలి పొరలు ఎప్పుడూ చెమ్మగా ఉండాలి. బూజూ, నల్లీ (మంచాల్లో పట్టే నల్లి కాదు, మైట్స్ అనే సన్నటి పురుగులు) వచ్చేది ఎక్కువగా ఈ పెట్టెల్లోనే.

చెట్టు రకం. నిలువు పెట్టెలో, బెరడు చాటున ఉంటాయి. అద్దాల నిండా తెల్లగా రెట్ట వేసేవి ఇవే. మన గుత్తి పేరు మోసే నీలం సాలీడు, గుత్తి సఫైర్, ఈ కోవదే. ఇక్కడ అమ్మేవి పెట్టెల్లో పుట్టి పెరిగిన పిల్లలు. అడవిలో మాత్రం అది నంద్యాల, గిద్దలూరు మధ్య చిన్న ప్రాంతంలోనే మిగిలింది. అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల్లో దాన్ని 2008లోనే చేర్చారు. కాబట్టి సీమలో ఉన్నవాళ్లు దాన్ని చెట్టు తొర్రలోంచి పట్టి తెచ్చుకునే ఆలోచన చేయొద్దు. భారత్‌లో సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని విదేశీ జాతిని పెంచుతుంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలని కూడా గుర్తుంచుకోండి. రెడ్ నీ ఆ జాబితాలో ఉంది.

## 2. దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

ఇవన్నీ ఒక డబ్బాలో వేసి పెట్టె పక్కనే ఉంచండి. వంటింటి సామానుతో కలపొద్దు.

- 10 నుంచి 12 అంగుళాల ట్వీజర్. మొన వంగినదైతే మేలు.
- మెత్తటి పెయింటింగ్ బ్రష్, పొడవు పిడిది. సాలీడును కదిలించడానికి.
- మూత ఉన్న, లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా. కాళ్లు చాపినప్పుడు సాలీడు పట్టేంత వెడల్పు ఉండాలి. మూతకు చిన్న రంధ్రాలు పెట్టండి.
- డబ్బా కింద జరపడానికి గట్టి అట్టముక్క.
- సన్న మూతి ఉన్న నీళ్ల సీసా.
- నైట్రైల్ గ్లవుజులు, కళ్లజోడు, మాస్కు.
- పాత ప్లాస్టిక్ కార్డు, అద్దం మీది మచ్చలు గీకడానికి.
- చిన్న టార్చి.

కళ్లజోడు నవ్వులాటకు చెప్పడం లేదు. అమెరికా ఖండాల టరాంటులాలు చాలావరకు భయపడితే పొట్ట మీది నూగును వెనక కాళ్లతో గాల్లోకి రాలుస్తాయి. దూలగొండి కాయ నూగు ముట్టుకున్నవాళ్లకు ఆ దురద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇదీ అలాంటిదే, పైగా కంట్లో పడితే గుచ్చుకుని లోపలికి దిగుతుంది. 2009లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒకతను పెట్టె అద్దం మీది మొండి మచ్చ తుడుస్తుండగా వెనక నుంచి చిలియన్ రోజ్ నూగు చల్లింది. మూడు వారాలు కన్ను ఎర్రబడి నీరు కారింది, మందులకు తగ్గలేదు. డాక్టర్లు భూతద్దంతో చూస్తే నల్లగుడ్డు పైపొరలో వెంట్రుకలు దిగి ఉన్నాయి. ఆ కేసు లాన్సెట్ పత్రికకు ఎక్కింది. అతను చేసింది మనం రోజూ చేసే పనే.

ఆసియా, ఆఫ్రికా సాలీళ్లకు ఈ నూగు ఉండదు. దానికి బదులు వేగం, ఘాటైన విషం. గుత్తి సఫైర్ జాతి కరిస్తే కండరాలు పట్టేసి రోజుల తరబడి బాధపెట్టవచ్చు. అలాంటిదాన్ని పెంచుతూ ట్వీజర్ లేకుండా చెయ్యి పెట్టడమంటే పాముపుట్టలో చెయ్యి పెట్టడమే.

## 3. మట్టి సరిగా వేస్తే సగం పని తప్పుతుంది

పెట్టె పదేపదే మురికవుతుందంటే చాలాసార్లు తప్పు మొదటి రోజు వేసిన మట్టిలోనే ఉంటుంది.

ఏం వాడాలి: కొబ్బరి పొట్టు ఇటుక, ఎరువు కలపని తోటమట్టి. విడిగా వాడొచ్చు, కలిపీ వాడొచ్చు. నేను సగం సగం కలుపుతాను. ఒట్టి కొబ్బరి పొట్టు ఆరితే దూదిలా తేలిపోతుంది, బొరియ నిలబడదు. మట్టి కలిస్తే పట్టు వస్తుంది. కోనసీమలో దారి పక్కన కుప్పలు పోసి ఉండే పొట్టును ఇక్కడ డాలర్లు పెట్టి కొంటుంటే మా అమ్మ తల కొట్టుకుంది గానీ, వేరే దారి లేదు.

ఏం వాడకూడదు: దేవదారు, పైన్ చెక్కపొట్టు వాటి నూనెల వల్ల పనికిరావు. రంగురాళ్లు, ఒట్టి ఇసుక వద్దు. సంచి మీద మొక్కలకు ఎరువు కలిపామని రాసి ఉంటే అక్కడే పెట్టేయండి.

ఎంత లోతు: నేల రకానికి మట్టి పైనుంచి మూత దాకా ఉండే ఎత్తు, దాని కాళ్ల చాపు కొలతకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. 5 అంగుళాల సాలీడైతే ఏడు, మహా అయితే ఏడున్నర అంగుళాలు. అంతకు మించితే అద్దం ఎక్కి పడిపోయినప్పుడు పొట్ట పగులుతుంది. శుభ్రం చేస్తూ చేస్తూ మట్టి తీసేసి, ఈ ఎత్తు పెరిగిపోవడాన్ని ఎవరూ గమనించరు. తీసినంత తిరిగి వేయాలి.

చెమ్మ పరీక్ష: పిడికిలి బిగించి చూడండి. ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. తడి రకానికి అలాగే వేయండి. పొడి రకానికైతే ఆ తడితోనే అణిచి, మూత తీసి ఆరబెట్టాకే సాలీడును వదలండి. తడి మట్టి మీద వదిలితే అది నేల మీద కాలు పెట్టకుండా అద్దానికి కరుచుకుని ఉంటుంది. "మా సాలీడు రోజంతా గోడమీదే ఉంటోంది" అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇదే.

గాలి: పక్కల్లో కింద కొన్ని రంధ్రాలు, ఎదుటి గోడకు పైన కొన్ని. గాలి అడ్డంగా పారాలి. టరాంటులా ఊపిరితిత్తులు పొట్ట కింద, పుస్తకం పేజీల్లా మడతలు పడి ఉంటాయి. మట్టికి దగ్గరగా ఉండే గాలినే అది పీలుస్తుంది. ఆ గాలి మురిగితే పైన ఎంత శుభ్రం చేసినా దండగ. చేపల తొట్టి మీద ఇచ్చే ఇనుప వలమూత మాత్రం వద్దు, గోళ్లు ఇరుక్కుని కాళ్లు ఊడిపోతాయి. రంధ్రాలు పెట్టిన అక్రిలిక్ పలక వేసుకోండి.

## 4. మూత తీసే ముందు చూడాల్సినవి

ఇవాళ పెట్టె తెరవొచ్చా లేదా అన్నది మీరు కాదు, సాలీడు చెప్పాలి. ఒక నిమిషం బయట నుంచి చూడండి.

ఇవి కనిపిస్తే మూత దించేయండి:

- కొన్ని వారాలుగా తినడం లేదు, పొట్ట నిండుగా ఉంది, పొట్ట మీది బోడి భాగం నల్లబడింది
- బొరియ మూతిని మట్టితోనో దారంతోనో మూసేసింది
- నేల మీద దారంతో చాపలా పరుచుకుంది
- వెల్లకిలా పడి ఉంది

ఇవన్నీ కుబుసం విడిచే గుర్తులు. వెల్లకిలా పడుకున్న సాలీడు చనిపోలేదు, కుబుసం విడుస్తోంది. దాన్ని తిరగేయడం, ఊదడం, నీళ్లు చల్లడం ఏదీ చేయొద్దు. లోపల తిండిగా వేసిన కీచురాయి బతికి ఉంటే దాన్ని మాత్రం చప్పుడు లేకుండా తీసేయండి. మెత్తగా ఉన్న సాలీడును కీచురాయి కొరికేస్తుంది.

చనిపోయే సాలీడు వెల్లకిలా పడదు. నిలబడే భంగిమలోనే కాళ్లు లోపలికి, పొట్ట కిందికి ముడుచుకుంటాయి. అలా చూస్తే మొదట అనుమానించాల్సింది నీరు అందకపోవడం. నోరు నీళ్ల గిన్నె అంచుకు ఆనేలా మెల్లగా కూర్చోబెట్టండి, పొట్ట మాత్రం నీళ్లలో మునగకూడదు.

కుబుసం విడిచాక కోరలు తెల్లగా ఉంటాయి, తర్వాత ఎర్రబడి నల్లబడతాయి. నల్లబడేదాకా తిండీ వద్దు, శుభ్రతా వద్దు. పెద్దవాటికి కనీసం 10 రోజులు, నేనైతే రెండు వారాలు ఆగుతాను.

## 5. రోజూ, వారానికోసారి, నెలకోసారి

రోజూ, ఒక నిమిషం

- సాలీడు ఎక్కడుంది, ఎలా నిలబడింది అని ఒక చూపు
- నీళ్ల గిన్నెలో నీరుందా
- తిండి వేసిన మర్నాడైతే, మిగిలిన పురుగు ఉందా
- పిప్పి ఎక్కడ పడేసింది

పిప్పి గురించి కాస్త చెప్పాలి. టరాంటులా మనలా నమిలి మింగదు. పురుగును కరిగించి రసం పీల్చి, మిగిలిన దాన్ని చెరుకు పిప్పిలా ముద్ద చేసి వదిలేస్తుంది. ఎక్కువ సాలీళ్లు దాన్ని నీళ్ల గిన్నెలోనో ఒకే మూలనో వేస్తాయి. పెట్టెలో బూజుకూ, నల్లికీ, ఈగలకూ మూలం ఆ ముద్దే. తిన్న 24 గంటల్లో ట్వీజర్‌తో తీసేయండి. ఈ ఒక్క పని క్రమం తప్పకుండా చేస్తే మిగతా పనుల్లో ముప్పాతిక భాగం రానే రావు.

పిప్పి బొరియ లోపల ఉంటే? చెయ్యి పెట్టకండి, తవ్వకండి. చాలావరకు అదే రెండు మూడు రోజుల్లో బయటికి తోస్తుంది.

వారానికోసారి, పది నిమిషాలు

- నీళ్ల గిన్నె బయటికి తీసి వేడి నీళ్లతో, విడి బ్రష్‌తో తోమండి. సబ్బు వద్దు. వేలికి జారుడుగా తగిలే పొర పోవాలి.
- గిన్నెలో స్పాంజి, దూది పెట్టకండి. పురుగులకు ఇల్లు కట్టించినట్టే. సాలీడు మునిగిపోతుందన్న భయమూ వద్దు, లోతు తక్కువ గిన్నె చాలు.
- గట్టిపడిన తెల్ల రెట్ట ఉంటే కింది మట్టితో సహా చెంచాతో తీసేయండి.
- తడి రకానికి ఒక మూల నుంచి నీళ్లు పోసి కిందికి దిగనివ్వండి. పైపైన చల్లితే పై పొర తడిసి బూజు వస్తుంది, లోపలేమో ఎండిపోయి ఉంటుంది. సాలీడు మీద చల్లడమైతే అసలే వద్దు.

నెలకోసారి

- అద్దం మచ్చలు. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డను మచ్చ మీద కాసేపు ఆనించి, నానాక కార్డుతో గీకండి. సాలీడు రెట్ట నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. పొడిగుడ్డతో రుద్దితే మచ్చ పోదు, మీ చేతి కదలికకు సాలీడు మాత్రం బెదిరిపోతుంది.
- గాలి రంధ్రాలకు దారం అడ్డంపడితే అగ్గిపుల్లతో తీయండి. సాలీడు బూజులో తీయాల్సింది ఈ ఒక్కచోటే.
- మూత బిగువు, గడియ చూడండి. టరాంటులా ఎత్తగలిగినదాన్ని ఎత్తి చూస్తుంది.

నేల మీద పరిచిన దారం, బొరియ మూతి దారం, బెరడు చుట్టూ కట్టిన గొట్టం, వీటిని ముట్టుకోవద్దు. దానికి కళ్లు అంతంతమాత్రం. ఆ దారాల అదురును బట్టే ఎవరొచ్చారో, తిండి ఎటుందో తెలుసుకుంటుంది. వాటిని దులిపితే దాని ఇంటి గోడలు కూల్చినట్టు. ఆ దారం కట్టడానికి పెట్టిన శ్రమంతా మళ్లీ మొదటి నుంచి.

శీతాకాలం హీటర్లు వేసే చోట గిన్నె రెండు రోజుల్లో ఎండిపోతుంది, అప్పుడు వారం లెక్క కుదరదు. హైగ్రోమీటర్ (గాలిలో చెమ్మ కొలిచే మీటర్) అంకెను పట్టుకుని వేలాడకండి. చవక మీటర్లు ఎప్పుడూ ఏదో ఒకటి తప్పే చూపిస్తాయి. మట్టిలోకి వేలు దింపి చూడటమే నమ్మకం.

## 6. తేడా వస్తే ఏం చేయాలి

తెల్లగా దూదిలా బూజు. ముట్టుకుంటే నలిగే నూగైతే అది బూజు, సాగితే సాలెదారం. బూజు పట్టిన మట్టిని దాని చుట్టూ ఒక అంగుళం దాకా తీసేయండి. తడి తగ్గించి, రంధ్రాలు పెంచండి. కొత్త చెక్క మీద మొదటి నెలలో కొంచెం బూజు మామూలే, కంగారు వద్దు. తడి రకం పెట్టెల్లో స్ప్రింగ్‌టెయిల్స్ అనే బుల్లి పురుగులను వదిలితే అవే బూజు తిని బతుకుతాయి. పొడి పెట్టెలో అవి బతకవు, డబ్బు వృథా.

నల్లి. నీళ్ల గిన్నె అంచున, పిప్పి మీద, పిండిలా తెల్లగా కదిలే చుక్కలు. నిజానికి స్ప్రింగ్‌టెయిల్స్‌ను చూసి నల్లి అనుకుని పెట్టె మొత్తం పారబోసినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. తేడా సులువు: స్ప్రింగ్‌టెయిల్ పొడవుగా ఉంటుంది, తాకితే ఎగురుతుంది. నల్లి గుండ్రంగా ఉంటుంది, నెమ్మదిగా పాకుతుంది.

కొన్ని నల్లులు కుళ్లిన తిండి మీద బతికేవే, సాలీడుకు హాని లేదు. కానీ సాలీడు నోటి దగ్గర, కాళ్ల కీళ్ల దగ్గర గుంపు కట్టాయంటే ఆలస్యం చేయకూడదు. పిప్పి, మిగిలిన తిండి అంతా తీసేసి మట్టిని ఆరనివ్వండి, నీళ్ల గిన్నె మాత్రం ఉంచండి. తగ్గకపోతే 9వ అంశంలో చెప్పినట్టు మొత్తం మార్చాల్సిందే. నల్లి మందు కొట్టొద్దు. నల్లిని చంపేది సాలీడునూ చంపుతుంది.

గూని ఈగలు. నడుం వంగినట్టుండే చిన్న ఈగలు, ఎగరడం కన్నా పరుగెత్తడం ఎక్కువ. ఫోరిడ్ ఈగలంటారు. ఇవి కుళ్లిన కీచురాళ్ల వాసనకు వస్తాయి. తరచుగా కారణం సాలీడు పెట్టెలో ఉండదు, పక్కన పెట్టిన కీచురాళ్ల డబ్బాలో ఉంటుంది. ముందు అది కడగండి. తర్వాత సాలీడు పెట్టె రంధ్రాలకు బయటి నుంచి సన్నటి నైలాన్ వల అంటించండి.

వాసన. ఆరోగ్యంగా ఉన్న పెట్టెకు వాన పడ్డ నేల వాసన తప్ప ఏమీ ఉండదు. కుళ్లు వాసన వస్తే చచ్చిన పురుగు ఎక్కడో మట్టి కింద ఉన్నట్టు. మీల్‌వార్మ్‌లు అనే పురుగులను తిండిగా వేసేవాళ్లకు ఇది తప్పదు, అవి వేసిన వెంటనే మట్టిలోకి దూరిపోతాయి. తల నలిపి వేయండి, లేదా ట్వీజర్‌తో సాలీడు ముందు పట్టుకోండి.

నోటి చుట్టూ తెల్లటి తడి ముద్ద. సాలీడు తినడం మానేసి, కోరల మధ్య పెరుగులాంటి తెలుపు కనిపిస్తే అవి నెమటోడ్లు అనే సూది పురుగులు కావచ్చు. దీనికి నమ్మకమైన మందు లేదు. ఆ పెట్టెను వేరే గదిలో పెట్టండి, దాని ట్వీజర్ దానికే, దానికి వేసిన పురుగు ఇంకోదానికి వేయొద్దు. కొత్తగా కొన్న సాలీడును నెల రోజులు విడిగా ఉంచమనేది ఇందుకే.

## 7. పెట్టె బయటి నుంచి వచ్చే విషం

దోమల మందు మాట ఎవరూ అడగరు, అందుకే నేనే చెబుతున్నాను. ప్లగ్‌లో పెట్టే దోమల మందు, దోమల చుట్ట, బొద్దింకల స్ప్రే, వీటిలో ఉండేది పురుగులను చంపే రసాయనం. సాలీడు వేరని ఆ మందుకు తెలియదు. ఆ గదిలో ఏదీ వాడకండి.

- చీడల మందు కొట్టడానికి మనిషి వస్తుంటే ముందే పెట్టెను వేరే ఇంటికి చేర్చండి
- కుక్కకు గోమారి మందు పూసిన చేత్తో పెట్టె తెరవొద్దు
- చేతులకు దోమల క్రీము, శానిటైజర్ ఉంటే కడుక్కుని, ఆరాక రండి
- పెరట్లో పట్టిన మిడతలు, పురుగులు వేయొద్దు, వాటి మీద ఏ మందు పడిందో తెలియదు
- సాంబ్రాణి, అగరొత్తుల పొగ పూజ గదికే పరిమితం చేయండి

వేడి దీపాలూ అనవసరం. 20 నుంచి 27 డిగ్రీల గదిలో మనకు హాయిగా ఉంటే దానికీ హాయే. దీపం పెడితే మట్టి ఎండి, సాలీడు ఎండుతుంది.

## 8. సాలీడును బయటికి తీయడం

గుండె దడ పుట్టించే పని ఇది. తొందర లేకపోతే కష్టం లేదు.

1. పెట్టెను నేల మీద పెట్టండి. బల్ల మీద నుంచి పడితే చావే. గది తలుపు మూసి, పిల్లలను, పిల్లిని బయటికి పంపండి. నేను స్నానాల తొట్టిలో కూర్చుని చేస్తాను, జాలికి బిరడా బిగించాకే.
2. చివరిసారి తిండి వేసి వారమైనా అయి ఉండాలి.
3. ముందుగా బ్రష్‌తో వెనక కాలును మెల్లగా తాకండి. మెలకువగా ఉందో, కోపంగా ఉందో తెలుస్తుంది. ముందు కాళ్లు ఎత్తి కోరలు చూపితే మూత వేసి సాయంత్రం రండి.
4. డబ్బాను దాని మీద బోర్లించండి. కాళ్లన్నీ లోపలికి వచ్చాయో లేదో చూసుకోండి.
5. అట్టముక్కను కింద నుంచి నెమ్మదిగా జరపండి. కాళ్లు అదే ఎత్తుతుంది.
6. మూత వేసి చీకటి అలమరలో పెట్టండి. కొన్ని గంటలు అలా ఉన్నా ఇబ్బంది లేదు.

బొరియలో ఉంటే పై నుంచి తవ్వకండి, కప్పు కూలి మీద పడుతుంది. దూరపు అంచు నుంచి చెంచాతో కొంచెం కొంచెం మట్టి తీస్తూ రండి. రెండో మూతి ఏర్పడ్డాక, వెనక నుంచి బ్రష్‌తో తాకితే ముందు నుంచి నడిచి బయటికి వస్తుంది. డబ్బా అక్కడ సిద్ధంగా ఉండాలి.

చెట్టు రకానికి ఇంకో పద్ధతి: అది దాక్కున్న బెరడు గొట్టాన్ని అలాగే, రెండు మూతులకూ డబ్బాలు అడ్డం పెట్టి తీసేయడం. ఆ జాతులు కంటికి అందనంత వేగం. ఒంటరిగా చేయకండి, ఇంకొకరిని పక్కన ఉంచుకోండి.

## 9. మట్టంతా మార్చడం

మొదట ఈ ప్రశ్న వేసుకోండి: మార్చాలా? పొడి రకం పెట్టెలో పిప్పి సమయానికి తీస్తుంటే రెండు మూడేళ్లు ఒకే మట్టి నడుస్తుంది. నల్లి అదుపు తప్పినా, మట్టి పుల్లగా వాసన కొట్టినా, సాలీడు పెట్టెకు పెద్దదైపోయినా మార్చండి. పండగ వచ్చిందని మార్చకండి.

1. కొత్త మట్టిని ముందు రోజే కలిపి సిద్ధం చేసుకోండి. రెండో పెట్టె ఉంటే ఇంకా మేలు, అందులో అంతా అమర్చి, సాలీడును నేరుగా మార్చేయొచ్చు.
2. సాలీడును డబ్బాలోకి తీయండి.
3. గ్లవుజులు, కళ్లజోడు, మాస్కు వేసుకుని పెట్టెను ఆరుబయటికి తీసుకెళ్లండి.
4. పాత మట్టి మీద నీళ్లు చల్లి తడపండి. అందులో నెలల తరబడి రాలిన నూగు ఉంటుంది, పొడిగా కదిపితే ముఖాన ఎగురుతుంది. తడిసిన మట్టిని సంచిలో కట్టి చెత్తలో వేయండి. పూలకుండీల్లో వేయొద్దు, రేపు ఆ కుండీలో చెయ్యి పెట్టేది మీరే.
5. బూజు లేని, దారం అల్లిన పాత మట్టి రెండు గుప్పెళ్లు విడిగా దాచండి. నల్లి వల్ల మారుస్తుంటే మాత్రం ఇది వద్దు.
6. పెట్టెను నీళ్లతో తోమండి. మచ్చలకు వెనిగర్, నీళ్లు సగం సగం. బ్లీచి, ఫినాయిల్, అద్దాల స్ప్రే వద్దు. అక్రిలిక్ పెట్టెకు స్పిరిట్ తగిలితే జాలు జాలుగా పగుళ్లు వస్తాయి. మూడుసార్లు మంచినీళ్లతో కడిగి, వెనిగర్ వాసన పోయేదాకా ఎండలో ఆరబెట్టండి.
7. బెరడు, చెక్క ఉంటే మరిగే నీళ్లలో అరగంట ఉంచి పూర్తిగా ఆరనివ్వండి.
8. మట్టిని పొరలు పొరలుగా వేసి చేత్తో అణచండి. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఉంచండి. దాక్కునే చెక్కను పాత చోటే పెట్టి, దాని కింద ఏటవాలుగా బొటనవేలంత గుంట చేయండి. దాచిన పాత మట్టి ఆ మూతి దగ్గర చల్లండి.
9. నీళ్ల గిన్నె పాత మూలలోనే. వస్తువుల చోటు మారకపోతే అది త్వరగా కుదురుకుంటుంది.
10. డబ్బాను లోపల పక్కకు వంచి పెట్టి మూత తీయండి. అదే నడిచి వస్తుంది. తొయ్యకండి.

పిల్ల సాలీళ్లకు ఇదంతా అక్కర్లేదు. ఔన్సు కప్పులో పెంచేటప్పుడు మట్టి మురికైతే కప్పే మార్చేయండి. నీళ్లకు సీసా మూత చాలు. కప్పుకు పెట్టే రంధ్రాలు పిల్ల సాలీడు తలభాగం కన్నా చిన్నవిగా ఉండాలి, తల దూరితే ఒళ్లంతా దూరుతుంది.

## 10. మార్చాక వచ్చే నెల రోజులు

మొదటి రెండు మూడు రోజులు మూలన ముడుచుకుని ఉంటుంది, లేదా రాత్రంతా అద్దాల వెంట తిరుగుతుంది. రెండూ మామూలే. వారం రోజులు తిండి వేయకండి, పెట్టె మీద గుడ్డ కప్పి చీకటి చేయండి. చిలియన్ రోజ్ లాంటివి నెలల తరబడి తినకపోయినా పొట్ట గుండ్రంగా ఉన్నంతవరకు భయం లేదు. పొట్ట ముడతలు పడి, తల భాగం కన్నా చిన్నదైతేనే ఆలోచించాలి.

రోజూ చూడాల్సింది రెండు: గిన్నెలో నీళ్లు, నేల మీద కొత్త దారం. మొదటి దారాలు దాక్కునే చెక్క మూతి దగ్గర పడతాయి, టార్చి ఏటవాలుగా వేస్తే మెరుస్తాయి. అవి కనిపించిన సాయంత్రం, దాని పొట్టలో సగం పరిమాణం ఉన్న ఒకే ఒక్క కీచురాయిని వేయండి. తెల్లారేసరికి తినకపోతే తీసేసి, ఇంకో వారం తర్వాత మళ్లీ వేసి చూడండి.